పాత ఎక్స్‌పాన్షన్ల సర్వర్లను ఎప్పటికీ ఉంచాలా?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: బ్లిజార్డ్ కంపెనీ ఆన్‌లైన్ ఆట వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ను దాని పాత రూపంలో ఆడించే క్లాసిక్‌లో ఒక ఎక్స్‌పాన్షన్ (ఆటకు చేర్చే పెద్ద కొత్త భాగం) ముగిసి మరొకటి మొదలైన ప్రతిసారీ వెనకటిది ఆడుకునే వీలు లేకుండా పోతోంది; బర్నింగ్ క్రూసేడ్‌కు ఒకటి, రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్‌కు ఒకటి, కటాక్లిజంకు ఒకటి చొప్పున శాశ్వత సర్వర్లు ఉంచమని కంపెనీని కోరడం న్యాయమేనా, ఉంచినా అక్కడ ఆడేవారు ఉంటారా, ఈలోగా మీ పాత్ర సంగతి ఏమిటి?

ఉంచాలనే నా అభిప్రాయం. అయితే ఇప్పుడున్న సర్వర్లన్నింటినీ ఉన్నవి ఉన్నట్టు కొనసాగించాలని నేను అనడం లేదు. ముగిసిన ప్రతి ఎక్స్‌పాన్షన్‌కు యూరప్‌లో ఒకటి, అమెరికాలో ఒకటి, ఇలా ప్రాంతానికి ఒక్క సర్వర్ మిగిలితే చాలు, అది ఎల్లవేళలా కిటకిటలాడాలన్న షరతు పెట్టకూడదు. ఈ ఆటను నేను 2007 నుంచి ఆడుతున్నాను. భారతదేశంలో దీనికి సర్వర్ లేదు కాబట్టి హైదరాబాద్‌లో ఉంటూ యూరప్ సర్వర్‌లో చేరాను. వాళ్లకు రాత్రి ఎనిమిదికి మొదలయ్యే రెయిడ్ (పదులమంది కలిసి పెద్ద శత్రువుల మీదకు వెళ్లే పోరాటం) చలికాలంలో మనకు పన్నెండున్నరకు మొదలయ్యేది. గిల్డులో, అంటే కలిసి ఆడే మా జట్టులో, చాలాకాలం హాజరుపట్టీ చూసే బాధ్యత నాదే. ఉద్యోగరీత్యా సర్వర్లు, డేటాబేసుల నిర్వహణ నా పని. కాబట్టి ఆటగాడి కోరికా, దాన్ని మోయాల్సిన వాడి నడుమునొప్పీ రెండూ కొంత ఎరిగినవాడిగా రాస్తున్నాను.

ముందుగా, పోతున్నది ఏమిటో స్పష్టంగా చూడాలి. ఒంటరిగా ఆడుకునే ఆట సీడీ మీద ఇంట్లో ఉంటే పాత కంప్యూటర్ దుమ్ము దులిపి ఎప్పుడైనా ఆడుకోవచ్చు. ఆన్‌లైన్ ఆటలో మన కంప్యూటర్‌లో ఉండేవి ప్రధానంగా బొమ్మలు, శబ్దాలు, పటాలు. ఏ శత్రువు ఎంత గట్టిగా కొడతాడు, ఏ వస్తువు ఎంత అరుదుగా దొరుకుతుంది, ఎవరి సంచిలో ఎంత బంగారం ఉంది అనే లెక్కంతా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. అక్కడ ప్యాచ్ (ఆటకు వచ్చే మార్పుల కూర్పు) మారిన రోజున మనం డబ్బు పెట్టి కొన్న డిస్కు అలంకారవస్తువుగా మిగులుతుంది. 2010 డిసెంబర్ 7న కటాక్లిజం వచ్చినప్పుడు 2004 నవంబర్‌లో మొదలైన ఆ ప్రపంచం మీద కొత్త ప్రపంచాన్ని దిద్దేశారు. బారెన్స్ మైదానం రెండుగా చీలింది, ఊళ్లు మారాయి, పాత క్వెస్టులు (ఆటగాడికి అప్పగించే పనులు) ఎన్నో కనుమరుగయ్యాయి. అంతకు రెండేళ్ల ముందే, రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్‌తో పాటు, నలభై మంది కలిసి ఆడే నాక్స్‌రమాస్ రెయిడ్‌ను పాత ఖండం నుంచి తొలగించి నార్త్‌రెండ్ అనే కొత్త ఖండంలో పది మందికీ ఇరవై ఐదు మందికీ సరిపోయే రెయిడ్‌గా మళ్లీ కట్టారు. 2006 జూన్‌లో వచ్చిన ఆ మొదటి రూపాన్ని చివరిదాకా చూసిన గిల్డులు చాలా తక్కువ. మిగతావాళ్లకు ఆ అవకాశం ఆనాటితో ముగిసింది.

దీనికి సాధారణంగా వచ్చే జవాబు ఒకటి ఉంది: "బర్నింగ్ క్రూసేడ్ నాటి బ్లాక్ టెంపుల్ రెయిడ్ ఎక్కడికీ పోలేదు, ఈరోజు కూడా వెళ్లి చూడవచ్చు కదా." భవనం ఉన్న మాట నిజమే. కానీ పాత రెయిడ్ అంటే భవనంతో పాటు దానికి తగిన డెబ్భయ్యో లెవెల్, ఆనాటి టాలెంట్ల (ఎంచుకునే నైపుణ్యాల) పట్టిక, ఆనాటి మందులు, ఆ ఇరవై ఐదు మందిలో ఎవరు తప్పు చేసినా అందరూ చచ్చిపోయే ఇరుకు. తరువాతి ఎక్స్‌పాన్షన్ నియమాలు పాత రెయిడ్‌కూ వర్తించిన క్షణంలో ఆ ఇరుకు పోతుంది. తాళం తీసి ఉన్న కోటలో తిరిగినంత మాత్రాన ముట్టడి ఎలా ఉండేదో తెలియదు.

ఇది నాలాంటి పాతకాపుల బెంగ మాత్రమేనని చాలాకాలం అనుకున్నారు. 2013లో కంపెనీ తన అభిమానులకు జరిపే సభ బ్లిజ్‌కాన్ వేదిక మీద పాత ఎక్స్‌పాన్షన్లకు సర్వర్లు పెడతారా అని ఒక అభిమాని అడిగితే, అప్పటి ప్రొడక్షన్ డైరెక్టర్ జె. అలెన్ బ్రాక్, అది కావాలని మీరు అనుకుంటున్నారు గానీ నిజానికి మీకు అక్కర్లేదు అన్న అర్థం వచ్చేలా సమాధానం చెప్పారు. ఆ తరువాత 2015 ఫిబ్రవరిలో కొందరు ఫ్రెంచ్ అభిమానులు నోస్టాల్రియస్ పేరుతో అనుమతి లేని సర్వర్ ఒకటి తెరిచారు. బ్లిజార్డ్ న్యాయవాదుల నోటీసుతో 2016 ఏప్రిల్ 10న దాన్ని మూసేనాటికి, నిర్వాహకులు చెప్పిన లెక్క ప్రకారం, దానిలో ఎనిమిది లక్షల నమోదిత ఖాతాలు, వాటిలో లక్షన్నర క్రియాశీల ఖాతాలు ఉన్నాయి. పాత సర్వర్లకు అనుమతి ఇవ్వాలన్న వినతిపత్రం మీద రెండు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ నిర్వాహకులనే కంపెనీ తన కార్యాలయానికి పిలిపించుకుని మాట్లాడింది. 2017 నవంబర్ బ్లిజ్‌కాన్‌లో క్లాసిక్‌ను ప్రకటించినది అదే బ్రాక్. 2019 ఆగస్టు చివరి వారంలో సర్వర్లు తెరుచుకున్న రాత్రి లాగిన్ వరుసలో వేలమంది వెనుక నిలబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. వరుస కదలడం లేదని విసుక్కుంటూనే, ఇంతమంది ఉన్నారా అని ముచ్చటపడిన రాత్రి అది.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది, ఆటలను శాశ్వతంగా భద్రపరచడం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది. క్లాసిక్‌కు ఆధారం 2006 ఆగస్టులో వచ్చిన 1.12 ప్యాచ్. ఆనాటి డేటా కంపెనీ దగ్గర మిగిలి ఉండడం వల్ల పని మొదలైంది. అయితే పాత ప్రోగ్రామ్‌ను ఉన్నది ఉన్నట్టు నడిపితే ఆనాటి భద్రతా లోపాలు, ఆనాటి బగ్గులు కూడా తిరిగి వస్తాయి. ఇప్పటి లాగిన్ వ్యవస్థతో, మోసాలను పట్టే సాధనాలతో అది కలవదు. అందుకని వాళ్లు ఇప్పటి ఇంజిన్‌ను తీసుకుని, పాత పట్టికలలోని సమాచారాన్ని ఇప్పటి పట్టికల ఆకారంలోకి మార్చి దానిలో పోశారు. డేటా ఉండి దాన్ని అర్థం చేసుకునే ప్రోగ్రామ్ లేకపోతే బ్యాకప్ తాళంచెవి పోయిన భోషాణమే. బ్యాకప్ ఉందని ధీమాగా ఉండి, అవసరం వచ్చిన రోజున దాన్ని తెరవగల పాత సాఫ్ట్‌వేర్ ఎక్కడా దొరక్క నాలుగు రాత్రులు జాగారం చేసిన అనుభవం నాకూ ఉంది. రూన్‌స్కేప్ అనే మరో ఆన్‌లైన్ ఆటను నడిపే జాగెక్స్‌కు 2007 ఆగస్టు నాటి పూర్తి ప్రతి దొరకడం వల్లే 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పుట్టగలిగింది. అది ఫలానా నెలది కావడానికి గొప్ప కారణమేమీ లేదు, వాళ్ల దగ్గర మిగిలింది ఆ నెలది. నేటికీ లక్షలమంది ఆడుతున్న ఒక ఆట ఉనికి అలా ఒక్క బ్యాకప్ మీద ఆధారపడింది. కాబట్టి శాశ్వత సర్వర్ సంగతి తేలేలోగానే కంపెనీలు చేయాల్సిన పని ఒకటుంది: ప్రతి పెద్ద ప్యాచ్‌కు సంబంధించిన సర్వర్ ప్రోగ్రామ్, డేటాబేస్, దాన్ని తయారుచేసే సాధనాలు అన్నీ కలిపి ఒకచోట భద్రపరచడం, ఏడాదికి ఒకసారైనా తెరిచి నడుస్తున్నదో లేదో చూడడం. దీనికి అయ్యే ఖర్చు వాళ్ల స్థాయికి చాలా స్వల్పం.

ఇక జనం వస్తారా అన్న ప్రశ్న. దీనికి ఊహాగానం అక్కర్లేదు. క్లాసిక్ చరిత్రలోనే రెండు రకాల నిర్ణయాలు పక్కపక్కన ఉన్నాయి.

2021లో బర్నింగ్ క్రూసేడ్ క్లాసిక్ రాకముందు, ప్రతి పాత్ర విషయంలో ఆటగాడికి ఎంపిక ఇచ్చారు: ముందుకు వెళ్లవచ్చు, లేదా క్లాసిక్ ఎరా అనే పేరుతో 1.12 నియమాలలోనే నిలిచిపోయే సర్వర్‌లో ఉండవచ్చు. రెండుచోట్లా ఉండాలంటే పాత్రకు నకలు తీయించుకోవాలి. దానికి మొదట 35 డాలర్లు అడిగారు, ఆటగాళ్లు మండిపడడంతో 15కు దించారు. నా ప్రధాన పాత్ర అయిన మేజ్‌కు (మంత్రగాడికి) నేను ఆ 15 చెల్లించాను. జూన్‌లో కొత్త ఎక్స్‌పాన్షన్ తెరుచుకోగానే ఎరా సర్వర్లు నిర్మానుష్యమయ్యాయి. ఐరన్‌ఫోర్జ్ నగరంలో వేలంశాల ముందు నేనొక్కణ్నే నిలబడి ఉన్న సాయంత్రాలు గుర్తున్నాయి. పాత సర్వర్లు వద్దన్నవాళ్లు అప్పుడు, చూశారా, మేం చెప్పలేదా, అన్నారు. ఆనాడే మూసి ఉంటే వాళ్ల మాటే నిలిచేది. మూయలేదు. ఖాళీ సర్వర్లను కొన్ని గుత్తులుగా కలిపారు, 2022 తరువాత మెల్లగా మనుషులు తిరిగి రావడం మొదలైంది, 2023 నాటికి అమెరికా వైపు వైట్‌మేన్ గుత్తిలోనూ, యూరప్ వైపు ఫైర్‌మా గుత్తిలోనూ ఏ సాయంత్రమైనా రెయిడ్‌కు మనుషులు దొరికే స్థితి వచ్చింది. అందరూ పాతవాళ్లేమీ కాదు. 2004లో బడికి పోయే వయసు కూడా లేనివాళ్లు ఎందరో అక్కడ నాకు పరిచయమయ్యారు.

2022 సెప్టెంబర్‌లో రాత్ వచ్చినప్పుడు ఆ ఎంపిక ఇవ్వలేదు. బర్నింగ్ క్రూసేడ్ సర్వర్లన్నీ ఒక్కసారిగా రాత్ సర్వర్లయ్యాయి. 2024 మే నెలలో అవే కటాక్లిజంగా, 2025 జులైలో మిస్ట్స్ ఆఫ్ పాండరియాగా మారాయి. ఈ నిర్ణయానికి ఎరా తొలి నెలల నిశ్శబ్దం కూడా ఒక కారణమై ఉంటుందన్నది నా అనుమానం. అదే కారణమైతే మాత్రం అది తొందరపాటు. కొత్తది విడుదలైన మొదటి ఆరునెలల జనసంఖ్యను చూసి పాతదానికి గిరాకీ లేదని తేల్చడం, పండుగనాడు అందరూ జాతరకు పోతే ఊరికి ఇళ్లెందుకు అన్నట్టుంటుంది. పాత ప్రపంచానికి జనం ఆటుపోట్లలా వస్తారు, పోతారు. కొత్త ఎక్స్‌పాన్షన్ మీద మోజు తీరాక కొందరు వస్తారు, ఉద్యోగాల మధ్య ఖాళీ దొరికినప్పుడు కొందరు, పిల్లలు కాస్త పెద్దయ్యాక ఇంకొందరు. ఆ వచ్చేవాళ్లకు దిగడానికి ఒక ఇల్లు ఉందా లేదా అన్నదే అసలు విషయం.

ఇంతమాత్రాన శాశ్వత సర్వర్ స్వర్గమని చెప్పను. కాలం ఆగిపోయిన ప్రపంచంలో బంగారం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఎరాలో చివరి రెయిడ్ వచ్చి ఏళ్లు గడిచాయి. పాత ఆటగాళ్ల దగ్గర మోయలేనంత బంగారం చేరింది. రెయిడ్‌లో దొరికిన వస్తువులను బంగారానికి వేలం వేసి చివర్లో పంచుకునే జీడీకేపీ పద్ధతి దానివల్ల బాగా ముదిరింది, ఆ వేలాల కోసం బాట్లు (తమంతట తామే ఆడే ప్రోగ్రాములు) తవ్విన బంగారాన్ని అసలు డబ్బిచ్చి అంగట్లో కొనేవాళ్లూ పెరిగారు. కొత్తగా లెవెల్ ఒకటి నుంచి మొదలుపెట్టినవాడికి ఒక మామూలు మందు సీసా ధర చూసినా గుండె ఆగినంత పనవుతుంది. 2024 నవంబర్‌లో ఇరవయ్యేళ్ల వార్షికోత్సవ సర్వర్లు తెరిచినప్పుడు బ్లిజార్డ్ వాటిలో జీడీకేపీని నిషేధించింది, జనం వాటికి ఎగబడ్డారు. అందరూ ఒకేసారి సున్నా నుంచి మొదలుపెట్టడంలో ఉండే ఉత్సాహం ఆగిపోయిన సర్వర్‌లో ఎప్పటికీ రాదు.

మన ఆటకంటే వయసులో పెద్దదైన ఎవర్‌క్వెస్ట్‌లోనూ ఇదే జరిగింది. 1999లో మొదలైన ఆ ఆట 2006లోనే ప్రోగ్రెషన్ సర్వర్లు పెట్టింది. అవి మొదటి రోజుల నుంచి మొదలై ఒక్కో ఎక్స్‌పాన్షన్ తెరుచుకుంటూ ముందుకు పోయే రైలు వంటివి, ఏ స్టేషన్‌లోనూ శాశ్వతంగా ఆగవు. ఆగాలనుకున్నవాళ్లు 2009లో ప్రాజెక్ట్ 1999 పేరుతో సొంత సర్వర్ పెట్టుకుని, రెండో ఎక్స్‌పాన్షన్ దగ్గర నిలిచిపోయారు. హక్కులున్న డేబ్రేక్ కంపెనీ 2015లో వారితో రాతపూర్వక ఒప్పందం చేసుకుని నడవనిచ్చింది. అయినా పదేళ్లు తిరిగేసరికి, 2019 అక్టోబర్‌లో, వాళ్లు కూడా అందరూ మొదటి నుంచి మొదలుపెట్టే మరో సర్వర్‌ను తెరవాల్సి వచ్చింది. నిలిచే ఇల్లు ఒకటి, అప్పుడప్పుడు కొత్తగా బయలుదేరే రైలు ఒకటి, రెండూ ఉన్నచోటే పాత ఆట బతుకుతోందని నా పరిశీలన. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మూడో దారి పట్టింది: పాత ప్రతి నుంచి మొదలై, పెద్ద మార్పులను చాలావరకు ఆటగాళ్ల ఓటింగ్ పెట్టి 75 శాతం, 2022 నుంచి 70 శాతం ఒప్పుకుంటేనే చేస్తోంది. ఆ దారి అద్భుతంగా పనిచేసింది గానీ, దానివల్ల ఇప్పుడున్నది 2007 నాటి ఆట కాదు, ఆ వేరు నుంచి పెరిగిన మరో చెట్టు. భద్రపరచడమనే మాటకు అది జవాబు కాదు.

ఖర్చు మాటకు వస్తే, యంత్రాల ఖర్చును చూసి కంపెనీలు వెనకాడుతున్నాయని నేను నమ్మను. ప్రాంతానికి ఒక పాత సర్వర్‌కు కావాల్సిన యంత్రశక్తి వాళ్ల మొత్తం వాడకంలో లెక్కలోకి రానంత చిన్నది. భారమంతా మనుషుల వేళల్లో ఉంటుంది. విండోస్ మారినప్పుడు క్లయింట్ (ఆటగాడి కంప్యూటర్‌లోని ఆట ప్రోగ్రామ్) నడవాలి, లాగిన్ పద్ధతి మారినప్పుడు పాతది కూడా మారాలి, భద్రతా లోపం బయటపడితే ఆరు ఎక్స్‌పాన్షన్లకు ఆరుసార్లు సరిచేసి ఆరుసార్లు పరీక్షించాలి, ఫిర్యాదులు చూసే ఉద్యోగికి 2007 నాటి ఆటలో ఏది బగ్గో ఏది సహజమో తెలిసి ఉండాలి. ఈ చివరిది నవ్వులాటగా అనిపించవచ్చు కానీ, పాత ఆటలో సహజంగా ఉన్నదాన్నే బగ్గు అని ఫిర్యాదు చేసేవాళ్లు ఎంత ఎక్కువంటే, క్లాసిక్ పరీక్షల సమయంలో "ఇది బగ్గు కాదు" అని ఒక పెద్ద జాబితానే బ్లిజార్డ్ ప్రకటించాల్సి వచ్చింది. ఈ భారాన్ని తగ్గించే మార్గం అన్ని పాత ఎక్స్‌పాన్షన్లనూ ఒకే ఇప్పటి ఇంజిన్ మీద నడపడం. క్లాసిక్ కోసం ఆ ఇంజిన్‌ను ఇప్పటికే సిద్ధం చేసుకున్నారు, బర్నింగ్ క్రూసేడ్ నుంచి పాండరియా దాకా డేటా మార్పిడి కూడా ఇప్పటికే జరిగింది. కష్టమైన పని పూర్తిచేసి, ఫలితాన్ని రెండేళ్లు తిరగకముందే పారవేస్తున్నారన్నదే నా ప్రధాన అభ్యంతరం.

నా చేతిలో ఉంటే ఇలా చేస్తాను. ఎక్స్‌పాన్షన్ చివరి ప్యాచ్ ముగిసే నాటికి ప్రాంతానికి ఒక నిలిచే సర్వర్ తెరిచి, అక్కడికి ప్రతి పాత్ర నకలునూ ఉచితంగా, ఆటగాడు అడగకుండానే తీసి ఉంచుతాను. ఏళ్ల తరువాత తిరిగొచ్చినా అది ఉండాలి. 2021లో చేసిన పెద్ద పొరపాటు రుసుము, గడువు పెట్టి ఎంచుకోమనడం, ఎందుకంటే కొత్త ఎక్స్‌పాన్షన్ ఊపులో ఉన్నవాడు పాతదానికి విలువ కట్టలేడు. బంగారాన్ని మాత్రం నకలులో ఒక పరిమితికి మించి రానివ్వను. దీని మీద తిట్లు పడతాయని తెలుసు, అయినా ఆ ఒక్క జాగ్రత్త లేకపోతే ఎరా జబ్బే తిరగబెడుతుంది. ఆ సర్వర్‌లో కొత్త కంటెంట్, వారం వారం సవరణలు ఆశించవద్దని ముందే స్పష్టంగా రాస్తాను.

అడగడం న్యాయమేనా అన్నారు. దీనికి వార్‌క్రాఫ్ట్ బయట జరిగినవి చూడండి. డెస్టినీ 2ను తయారుచేసే బంగీ 2020 నవంబర్‌లో, ఆట పరిమాణం మోయలేనంత పెరిగిందంటూ, జనం డబ్బిచ్చి కొన్న రెడ్ వార్ కథనూ మరో రెండు ఎక్స్‌పాన్షన్లనూ తీసి పక్కన పెట్టింది. తరువాత ఆ కథ మీద ఒక రచయిత కాపీరైట్ దావా వేసినప్పుడు, ఆడి చూపించగల రూపంలో అది లేకపోవడంతో కంపెనీయే యూట్యూబ్ వీడియోలను, అభిమానుల వికీ పేజీలను కోర్టుకు సాక్ష్యంగా ఇవ్వాల్సి వచ్చింది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ ది క్రూ అనే ఆట సర్వర్లను మూసివేయడం నుంచి పుట్టిన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం ఐరోపా పౌరుల వినతికి 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటించింది. ఆ ఉద్యమం కూడా సర్వర్లను ఎల్లకాలం నడపమని అడగడం లేదు. మూసేటప్పుడు ఆట ఏదో ఒక రూపంలో ఆడగలిగేలా వదిలి వెళ్లమంటోంది. నెలచందా కట్టే ఆటలో మనం కొన్నది ఆ నెల ప్రవేశం మాత్రమేనన్న కంపెనీల వాదన చట్టపరంగా బలమైనదే, దాన్ని తేలిగ్గా కొట్టివేయలేం. కాబట్టి హక్కు అని గట్టిగా అనలేకపోయినా, చందాదారుగా కోరడంలో తప్పేమీ లేదు. క్లాసిక్ వచ్చింది కోరితేనే.

మీ పాత్ర విషయానికి వస్తే, ఇప్పుడు మీరున్న పాండరియా సర్వర్లకు ఎరా వంటి ఇల్లు దొరుకుతుందన్న ఆశతో కూర్చోవద్దు. ముగింపు తేదీ ప్రకటించకముందే కొన్ని పనులు చేసుకోండి. రెయిడ్ రాత్రుల పోరాట లాగ్ ఫైళ్లను దాచుకోండి. మీ యాడాన్లను (ఆటకు మనం జోడించుకునే చిన్న ప్రోగ్రాములను), సెట్టింగుల ఫోల్డర్‌ను అలాగే మరోచోట కాపీ చేయండి. కొత్త క్లయింట్ వచ్చాక పాత యాడాన్ల ప్రతులు దొరకడం కష్టమవుతుంది. గిల్డు సభ్యుల జాబితాను, వాళ్లను ఆట బయట పలకరించే మార్గాన్ని రాసి ఉంచుకోండి. కనీసం ఒక్క రెయిడ్‌నైనా మాటలు కూడా వినిపించేలా మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి, బాస్ చనిపోయిన క్షణం ఒక్కటే తీసిపెట్టుకుంటే కొన్నేళ్లకు దాన్ని చూసి మీకే ఏమీ గుర్తురాదు.

నేను 15 డాలర్లు కట్టిన మేజ్ ఇప్పటికీ ఎరాలో ఉన్నాడు, గత ఆదివారం అతనితో మోల్టెన్ కోర్ రెయిడ్‌కు వెళ్లాను. నా మరో పాత్ర పాలడిన్‌కు మాత్రం 2022లో బర్నింగ్ క్రూసేడ్ చివరి రెయిడ్ సన్‌వెల్ గుమ్మం ముందు లాగౌట్ చేసినప్పటి స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంది. ఆ పాత్ర ఇప్పుడు పాండరియా నియమాలలో నడుస్తోంది, ఆనాడు వాడిన బటన్లలో సగం దానికి లేవు.